నీటి అడుగున గాలి లెక్క

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యాన, సముద్రం మీద సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్వరాజ్ ద్వీపం భారతదేశంలో స్కూబా డైవింగ్‌కు పేరుపడ్డ చోట్లలో ముఖ్యమైనది. 2018 చివరి వరకు దీని పేరు హేవ్‌లాక్. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం ఉన్నారు. విశాఖపట్నం రేవు నుంచి అక్కడికి ఓడలు నడుస్తాయి. కనుక తెలుగువారికి ఈ దీవులు పరాయివి కావు. అయితే ఆ దీవుల చుట్టూ నీటిలో ఉన్న పగడపు దిబ్బల వంటివి మాత్రం ఆంధ్ర తీరంలో పెద్ద ఎత్తున ఎక్కడా కనబడవు. దిబ్బ కట్టే పగడాలకు వెచ్చని, ఉప్పని, వెలుతురు లోపలిదాకా దిగేంత తేటైన నీరు కావాలి. గోదావరి, కృష్ణ వంటి నదులు మోసుకొచ్చే ఒండ్రుమట్టి తీరజలాలను కలకబారుస్తుంది. వరికి మేలు చేసే మట్టే పగడానికి కీడు చేస్తుందన్నమాట.

పగడం మొక్క కాదు, రాయీ కాదు, జంతువు. పాలిప్ అనే మెత్తని చిన్న జీవి సముద్రజలంలోని కాల్షియాన్ని గ్రహించి తన అడుగున సున్నపు గూడు కట్టుకుంటుంది. అలాంటి లక్షలాది గూళ్లు ఒకదానిపై ఒకటి పేరుకుని వేల ఏళ్లలో దిబ్బగా మారతాయి. పాలిప్ కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు నివసిస్తూ, సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి అందులో అధిక భాగాన్ని ఆశ్రయమిచ్చిన జీవికే అందిస్తాయి. పగడపు రంగులోనూ వాటి పాలు పెద్దది. గుండ్రని బండల వంటి పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి కాబట్టి, మనిషి ఎత్తున్న పగడపు బండ వయసు శతాబ్దానికి పైమాటే. ఉంగరాలలో పొదిగే ఎర్ర పగడం వేరే జాతిది. అది ఇలాంటి దిబ్బలను కట్టదు.

ఈ దిబ్బల దగ్గర కొంతసేపు నిలవాలంటే మనిషి తన గాలిని తానే మోసుకుపోవాలి. స్కూబా అంటే నీటి కింద ఊపిరి తీసుకోవడానికి డైవరు తనతోపాటే తీసుకెళ్లే స్వయంసమృద్ధ సాధనం. ఫ్రాన్స్‌లో 1943లో జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ రూపొందించిన రెగ్యులేటర్ దీనికి ప్రాణం. డైవరు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, అదీ చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానమైన పీడనంతో, ఆ పరికరం గాలిని అందిస్తుంది. వీపున కట్టుకునే సిలిండరులో ఉండేది, చాలామంది అనుకునేట్టు ఆక్సిజన్ కాదు. వడగట్టి కుదించిన మామూలు గాలే. సాధారణంగా వాడే సిలిండరులో అది సుమారు 2200 లీటర్లు పడుతుంది.

ఆ 2200 లీటర్లు ఎంతసేపు వస్తాయన్నది లోతును బట్టి మారుతుంది. సముద్ర మట్టంలో మన మీద ఒక అట్మాస్ఫియరు పీడనం ఉంటే, నీటిలో ప్రతి 10 మీటర్లకూ మరొకటి చేరుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 10 మీటర్ల లోతున 40 లీటర్లకు, 30 మీటర్ల లోతున 80 లీటర్లకు సమానమైన గాలిని వాడుకుంటాడు. మొదటి లోతులో 55 నిమిషాలు వచ్చే సిలిండరు రెండో లోతులో అరగంటైనా రాదు. కంగారుతో వేగంగా ఊపిరి తీసేవారికి ఇది ఇంకా తగ్గుతుంది.

గాలి అయిపోవడం కన్నా పెద్ద ప్రమాదం గాలి వ్యాకోచించడం. పీడనం పెరిగిన మేరకు వాయువు ఘనపరిమాణం తగ్గుతుందని 17వ శతాబ్దంలో రాబర్ట్ బాయిల్ చెప్పిన సూత్రం పాఠశాలలో అందరూ చదివినదే. 30 మీటర్ల నుంచి 20 మీటర్లకు వచ్చేసరికి ఊపిరితిత్తులలోని గాలి మూడో వంతు పెరిగితే, 10 మీటర్ల నుంచి ఉపరితలానికి వచ్చేసరికి ఏకంగా రెట్టింపవుతుంది. ఆ సమయంలో శ్వాస బిగబట్టినవారికి ఊపిరితిత్తులు చిట్లవచ్చు. లోతు తక్కువ కనుక భయం లేదనే మాట, ప్రచారంలో ఎంత వినబడినా, భౌతికశాస్త్రం ముందు నిలవదు. ఎన్నడూ శ్వాస ఆపరాదన్నదే శిక్షణలో మొదటి నియమం. దిగేటప్పుడు పీడనం చెవులను లోపలికి నొక్కుతుంది కాబట్టి, ముక్కు మూసి మెల్లగా గాలి ఊది దానిని సరిచేసుకోవడం రెండోది.

నత్రజని తెచ్చే చిక్కు మరొకటి. పీడనం కింద అది రక్తంలోనూ కణజాలంలోనూ అధికంగా కరుగుతుంది. త్వరగా పైకి వస్తే బయటికి పోయే వ్యవధి లేక బుడగలుగా మారి కీళ్లనొప్పి మొదలు పక్షవాతం వరకు తేగలదు. దశలవారీగా పైకి రావలసిన పద్ధతిని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ 1908లో పట్టికలుగా ప్రకటించాడు. నేటి డైవర్లు నిదానంగా పైకి వస్తూ, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం ఆనవాయితీ. విమానంలో పీడనం నేల మీది కన్నా తక్కువ ఉంటుంది కనుక, ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవారు కనీసం 18 గంటలు ఆగిన తరువాతే ఎక్కాలని ప్రామాణిక సలహా. ఉదయం డైవ్, సాయంత్రం తిరుగు ప్రయాణం అని టిక్కెట్లు తీసుకునేవారు దీనిని గమనించాలి.

ఇంత చెప్పినా, మంచి డైవరును గుర్తుపట్టేది లోతును బట్టి కాదు, మునగక తేలక ఒకే మట్టంలో నిలవగల నేర్పును బట్టి. నడుముకు కట్టిన బరువులూ, గాలి నింపగల జాకెట్టూ స్థూలంగా ఆ సమతూకాన్ని ఇస్తాయి. సూక్ష్మంగా సరిదిద్దేది ఊపిరే. నిండా పీలిస్తే శరీరం కొద్దిగా లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఈ పట్టు లేనివారు నిటారుగా నిలబడిపోయి, కాళ్లకున్న ఫిన్స్‌తో అడుగునున్న ఇసుకను లేపుతారు, తూలినప్పుడు చేతికందిన పగడాన్ని పట్టుకుంటారు. లేచిన ఇసుక పాలిప్‌ల మీద పడితే దానిని వదిలించుకోవడానికి అవి జిగురు స్రవించి శక్తి ఖర్చు చేయాలి. ఆంధ్ర తీరంలో నదుల ఒండ్రు చేసిన పనినే ఇక్కడ చిన్న కొలతలో మనిషి కాళ్లు చేస్తాయి.

స్వరాజ్ ద్వీపం ఒడ్డుకు దగ్గరగా, తక్కువ లోతులో ఉన్న నీమో రీఫ్ తొలిసారి దిగేవారి చోటు. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటివి దాదాపు 30 మీటర్ల లోతు వరకూ వెళ్లేవి కనుక అనుభవజ్ఞులకే. కొన్ని మీటర్లు దిగేసరికే నీరు ఎరుపును మింగేస్తుంది కాబట్టి లైటు వేస్తే తప్ప ఎర్రని చేప బూడిదరంగులో కనబడుతుంది. సీ అనిమోన్ అనే సముద్రజీవి చేతుల మధ్య తిరిగే క్లౌన్ చేపలన్నీ మగవిగానే మొదలవుతాయి. గుంపులోని ఆడది చనిపోతే పెద్ద మగచేప ఆడదిగా మారుతుంది. పారట్ చేప పగడపు రాతిని కొరికి, దానిని ఇసుకగా విసర్జిస్తుంది. ఉష్ణమండల తీరాల తెల్లని ఇసుకలో కొంత దాని పుణ్యమే.

ఈ దిబ్బలకు ముప్పు మనిషి కాళ్ల నుంచే కాదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి ఉత్తర అండమాన్ పశ్చిమ తీరం మీటరుకు పైగా పైకి లేవడంతో అక్కడి దిబ్బలు నీటి నుంచి బయటపడి చచ్చిపోయాయి. అంతకన్నా విస్తృతమైనది వేడి. వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రతను మించి ఒక డిగ్రీ సెల్సియస్ వేడి కొన్ని వారాలు నిలిచినా పాలిప్‌లు తమ శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడతాయి. చల్లబడటం ఆలస్యమైతే ఆకలితో చనిపోతాయి. 1998, 2010, 2016 సంవత్సరాలలో అండమాన్ పగడాలకు ఈ ముప్పు వచ్చింది. దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులితో సమానమైన రక్షణ ఉంది, విరిగిన ముక్కను ఇంటికి తేవడం కూడా నేరమే. అయితే సముద్రపు వేడి మీద ఆ చట్టానికి అధికారం లేదు. డైవర్ల కాళ్లను అదుపులో పెట్టడం మాత్రం సాధ్యమే. శిక్షకుడు వెనక నుంచి సిలిండరు పట్టుకుని అరగంట తిప్పి, ఫొటో తీసి పంపే డైవ్ కన్నా, మూడు నాలుగు రోజులు వెచ్చించి 18 మీటర్ల వరకు అర్హత ఇచ్చే ప్రాథమిక కోర్సు చేయడం ఖరీదైనా మేలు. గాలి లెక్కనూ, నీటిలో కదలకుండా నిలవడాన్నీ నేర్పేది ఆ కోర్సే.