సాంచాలున్నా.. సర్జికల్ గుడ్డ దూరమే

భివండీ: సాంచా దగ్గర వేలు తెగితే నిజాంపురా కార్మికుడు ఏం చేస్తాడు? పక్కనున్న మెడికల్ షాపుకెళ్లి బ్యాండేజీ చుట్ట కొంటాడు. అదీ నేత గుడ్డే. సాదా నేతతో కాస్త వదులుగా నేసిన నూలు గుడ్డ. మన సాంచాలకు అదేమంత కష్టం కాదు. అయినా ఆ వ్యాపారంలో భివండీ పేరు పెద్దగా వినిపించదు.

కరీంనగర్, నల్గొండ, వరంగల్ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు తరాలుగా ఇక్కడ మగ్గాలను నమ్ముకున్నారు. ఎక్కువ మందిది జాబ్ వర్కే. నూలు వ్యాపారి ఇస్తాడు, గ్రే గుడ్డ తీసుకెళ్తాడు. చేతికొచ్చేది మీటరు లెక్కన కూలీ. ఆ గుడ్డ ఆ తర్వాత ఏమైనా అడిగే హక్కు నేసినవాడికి లేదు.

తేలితే గుడ్డ.. మునిగితే మందు

గ్రే గుడ్డ ముక్కను గ్లాసు నీళ్లలో వేసి చూడండి. తేలుతుంది. పత్తిలోని మైనం, పడుగుకు పెట్టిన గంజి నీటిని పీల్చనివ్వవు. కాస్టిక్‌తో ఉడికించి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చలువ చేస్తేనే అది గాయానికి పనికొస్తుంది. గాజుగుడ్డ పది సెకన్లలోపే మునగాలి. చట్టం దృష్టిలో ఇక అది గుడ్డ కాదు, మందు! డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ ఎఫ్-2 దారాల లెక్క, బరువుతో సహా ప్రమాణాలు చెబుతుంది. లైసెన్సు, ల్యాబ్ పరీక్ష తప్పవు. నాలుగు సాంచాల ఆసామికి ఇవన్నీ ఎక్కడివి? అసలు ధర పెరిగేది మగ్గం దిగాకే.

తమిళనాడులో రాజపాళయం పక్కన ఛత్రపట్టి ఉంది. రాజపాళయం అంటే మన తెలుగు రాజుల ఊరే లెండి. ఛత్రపట్టి మరమగ్గాలు బ్యాండేజీ గుడ్డకే పేరు పడ్డాయి. సర్జికల్ సరుకు తయారుచేసే యూనిట్లూ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. భివండీ నేతన్నకు కొరవడింది ఆ పొరుగే.

పీపీఈ కిట్టు మరో కథ. 2020 మార్చికి ముందు దేశంలో వీటి తయారీ దాదాపు లేదు. మే నెలకల్లా రోజుకు నాలుగున్నర లక్షలకు చేరింది. లాక్‌డౌన్‌లో భివండీ సాంచాలు ఆగిపోయి ఉన్న రోజులవి. అయితే ఆ కిట్లకు ఎక్కువగా వాడింది నాన్‌వోవెన్. ప్లాస్టిక్ గుళికలు కరిగించి పరిచే గుడ్డకు పడుగూ పేకా ఉండవు, మగ్గంతో పనే లేదు. కాబట్టి మనవాళ్లు ఆశ పెట్టుకోవాల్సింది బ్యాండేజీ, గాజుగుడ్డల మీదే.

టెక్నికల్ టెక్స్‌టైల్స్ మిషన్‌కు కేంద్రం 2020లో రూ.1,480 కోట్లు ప్రకటించింది. వైద్య వస్త్రాలకు ప్రత్యేక పరిశోధన కేంద్రం కోయంబత్తూరులోని సిట్రాలో ఉంది. ఇక్కడి ఆసాములు సంఘంగా ఏర్పడి ఉమ్మడి చలువ యూనిట్, చిన్న ల్యాబ్ అడిగితే బాగుంటుంది. ఒక్కొక్కరుగా వెళ్తే పలికేవారుండరు. ఇప్పటికైతే నాసిక్ హైవే వెంట గోదాముల్లో మందుల కంపెనీల పెట్టెలు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. నేతన్నల పిల్లలకు అందులో దొరికేది ఎక్కువగా ప్యాకింగ్, లోడింగ్ పనే.