చైనా సైనికుల వెండి జీతం – పుట్టని నాణేల కథ

నకిలీ నాణెం అంటే మనందరికీ తెలుసు. అసలు నాణేన్ని చూసి దొంగచాటుగా చేసింది. కాని అసలంటూ లేని నాణేలు కూడా ఉన్నాయి. ఏ ప్రభుత్వమూ వేయించనివి, ఎవరో ఊహించి ముద్రించినవి. సేకర్తలు వీటిని ఫాంటసీ నాణేలంటారు. మనం కల్పిత నాణేలు అనుకుందాం. చాలా ఏళ్లుగా నాణేలు పోగుచేస్తున్న నాకు ఇవి ఎక్కువగా ఎదురయ్యేది చైనా వెండి నాణేల్లోనే.

జీతం కోసం పుట్టిన నాణెం

చైనాలో బజారు ఖర్చులకు మధ్యన చతురస్రపు చిల్లున్న కాసులు వాడేవారు. పన్నులకు, సైన్యం జీతాలకు మాత్రం వెండి ముద్దలు. వాటిని తూచి, నాణ్యం చూసి పుచ్చుకునేవారు. ఖజానా తూకంలో ఒక టెయిల్ అంటే సుమారు 37.3 గ్రాములు.

దక్షిణ తీరంలో సంగతి వేరు. మనీలా మీదుగా వచ్చిన స్పెయిన్ డాలర్లతో ఫుజియాన్, తైవాన్ ప్రజలకు గుండ్రటి నాణేలు అలవాటయ్యాయి. అందుకే దావోగ్వాంగ్ చక్రవర్తి కాలంలో (1821–1850) తైవాన్‌లో దీర్ఘాయువునిచ్చే వృద్ధ దేవుడి బొమ్మతో వెండి నాణెం వేశారు. వెనుక వైపు మూడు కాళ్ల పాత్ర. ఫుజియాన్‌లోని జాంగ్‌జౌ నాణెం మీద బొమ్మ కూడా లేదు. 'జాంగ్‌జౌ సైనిక జీతం' అన్న అక్షరాలు, కింద సంతకం లాంటి గీతలు, అంతే. అది 1844 ప్రాంతానిదని కొందరు, 1864 ప్రాంతానిదని కొందరు పండితులు అంటారు.

పడమటి కొసనున్న సింకియాంగ్‌లో సైన్యం ఖర్చుకు ఇతర రాష్ట్రాల నుంచి వెండి రావలసి వచ్చేది. అక్కడ 1907 నుంచి వేసిన డ్రాగన్ నాణేల మీద 'జీతపు వెండి' అనే రాశారు. టెయిల్ నాణెం సుమారు 35 గ్రాములు తూగుతుంది.

కల్పన ఎలా పుట్టింది?

అసలు నాణేలే ఇన్ని రకాలైతే, మరొకటి కల్పించడం కష్టమా? 20వ శతాబ్దంలో విదేశీ సేకర్తల మోజు చూసి, ఎప్పుడూ లేని డ్రాగన్లతో, చక్రవర్తుల పేర్లతో కొత్త 'పాత' నాణేలు తయారుచేశారు. 1954లో ఎడ్వర్డ్ కాన్ ప్రచురించిన చైనా నాణేల గ్రంథంలో వీటికి ప్రత్యేక విభాగమే కేటాయించవలసి వచ్చింది.

మనకూ ఇలాంటివి ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 సంవత్సరంతో, హనుమంతుడు లేదా శ్రీరామ పట్టాభిషేకం బొమ్మలున్న అణాలు చూసే ఉంటారు. కంపెనీ మద్రాసులో వేసిన వరహాల మీద స్వామి బొమ్మ ఉన్నమాట నిజమే. ఈ అణాలు మాత్రం కంపెనీ వేసినవి కావు. సగం నిజం కలిసిన అబద్ధాన్నే జనం త్వరగా నమ్ముతారు. బియ్యం గింజల్ని లాగుతాయంటూ ఇలాంటివాటిని లక్షలకు అంటగట్టే మోసగాళ్లూ ఉన్నారు.

రెండేళ్ల క్రితం మా బరంపురంలో తెలిసినావిడ ఒక చైనా నాణెం పట్టుకొచ్చారు. ఓడలో పనిచేసిన మామగారు తెచ్చిందట. "పరీక్ష ఖర్చులకు ఇరవై వేలు కడితే ఎనిమిది లక్షలు ఇప్పిస్తానన్నారు మాస్టారూ, అబ్బాయి కాలేజీ ఫీజుకు పనికొస్తుంది" అన్నారు. డ్రాగన్ ఉంది, సైనిక జీతం అన్న అక్షరాలూ ఉన్నాయి. తూకం పంతొమ్మిది గ్రాములు. అలాంటి నాణెం ఏ గ్రంథంలోనూ లేదు. సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీండి, ఇరవై వేలైనా మిగిలాయి" అన్నారు.

మీ ఇంట్లో ఉంటే

ముందు తూచండి. తర్వాత దారంతో నీళ్లలో వేలాడదీసి తూచండి. 27 గ్రాముల నాణెం నూటికి తొంభై పాళ్లు వెండిదైతే నీళ్లలో సుమారు 2.6 గ్రాములు తగ్గుతుంది. ఇత్తడిదైతే 3.2 దాకా తగ్గుతుంది. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు. అంటుకోనంత మాత్రాన వెండీ కాదు, ఇత్తడి కూడా అంటుకోదు. నిజమైన వెండితో చేసిన కల్పిత నాణేలూ ఉన్నాయి కనుక చివరగా గ్రంథంలో చూడవలసిందే. చింతపండుతో మాత్రం తోమకండి. అసలుదైతే విలువ పోతుంది.

అమ్మిపెడతానని ముందుగా డబ్బు అడిగేవారికి నాణెం చూపించకండి, డబ్బూ ఇవ్వకండి. మామగారు సముద్రం దాటి తెచ్చిన నాణెం కల్పితమైనా, ఆయన ప్రయాణం నిజమే. ఆయన పేరు, ఊరు, ఓడ వివరాలు ఒక చీటీ మీద రాసి ఆ నాణెంతోపాటు దాచండి. మీ పిల్లలకు పనికొచ్చేది ఆ చీటీయే.