స్ట్రెచర్ దించాక

2025 నవంబరు 3, సోమవారం. తాండూరు డిపో బస్సు తెల్లవారకముందే హైదరాబాద్‌కు బయల్దేరింది. సెలవుకు ఇంటికొచ్చి కాలేజీలకు తిరిగి వెళ్తున్న పిల్లలు, వారం మొదటిరోజు డ్యూటీకి అందుకోవాల్సిన ఉద్యోగులు, చంటిబిడ్డతో ఒక తల్లి. చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఎదురుగా వచ్చిన కంకర టిప్పర్ బస్సును ఢీకొని దాని మీదికే ఒరిగింది. లోడంతా బస్సులోకి దిగింది. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే కంకరలో కూరుకుపోయారు. 19 మంది చనిపోయారు. రెండు బండ్ల డ్రైవర్లూ పోయారు. తాండూరుకు చెందిన ముగ్గురు అక్కచెల్లెళ్లు ఒకేసారి పోయారు.

రాష్ట్రమంతా కొన్నాళ్లు ఆ ఇళ్ల గురించే మాట్లాడుకుంది. ఆ రోడ్డు గురించి, టిప్పర్ల వేగం గురించి, పరిహారం గురించి కూడా మాట్లాడుకుంది. మాట్లాడుకోవాల్సిందే. కంకర తోడి మనుషుల్ని బయటికి తీస్తుంటే పక్కనే నిలబడి అందుకున్నవాళ్లు, నాడి చూసి స్ట్రెచర్ ఎక్కించినవాళ్లు, చేవెళ్ల ప్రభుత్వాసుపత్రికి ఒక ట్రిప్పు వేసి మళ్లీ అక్కడికే తిరిగొచ్చినవాళ్ల మాట మాత్రం ఎక్కడా పెద్దగా రాలేదు. ఈ కథనం వాళ్ల గురించి.

హైదరాబాద్–బీజాపూర్ రహదారి మీద అంబులెన్సు పని ఎలాంటిదో తెలియాలంటే ముందు ఆ రోడ్డును చూడాలి. చీకటి ఉండగానే గులాబీ, చామంతి, కూరగాయల బండ్లు పట్నం వైపు కదులుతాయి. పొద్దెక్కితే మొయినాబాద్ చుట్టూ ఉన్న కాలేజీల బస్సులు. సెలవురోజైతే చిలుకూరు బాలాజీ భక్తులు, ఫామ్‌హౌస్‌లకు వెళ్లే కార్లు. వీటన్నిటి మధ్య టిప్పర్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు వరుసలు చేయాలన్న ప్రతిపాదన పాతదే. దారి పొడవునా ఉన్న మర్రిచెట్ల వ్యవహారం హరిత ట్రిబ్యునల్‌లో ఏళ్లపాటు నలిగింది. చెట్లు బతకాలన్నవాళ్లదీ న్యాయమే, రోడ్డు కావాలన్నవాళ్లదీ న్యాయమే. ఈలోగా ఇరుకు రోడ్డు మీద ప్రాణాలు పోతూనే ఉన్నాయి. 2024 డిసెంబరు 2న ఆలూరు గేటు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకెళ్లి నలుగురు పోయారు.

ఒక చోట ప్రమాదం జరిగితే మనం కొన్నాళ్లు ఆ దారిన వెళ్లడానికి జంకుతాం. అక్కడి 108 అంబులెన్సు సిబ్బందికి ఆ వీలు లేదు. తర్వాతి కాల్‌కి ఆ మలుపు మీదుగానే వెళ్లాలి, ఆ గేటు దగ్గరే స్పీడు తగ్గించాలి.

బండిలో ఉండేది ఇద్దరే. నడిపేవాళ్లను పైలట్ అంటారు, వెనక రోగి దగ్గర ఉండేవాళ్లు ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. ఎవరికైనా గుండె ఆగిపోతే వెనకున్న ఆ ఒక్కరే అన్నీ చూసుకోవాలి. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కాలి. 30 సార్లు నొక్కి రెండుసార్లు గాలి అందించాలి. స్పీడ్‌బ్రేకర్ వస్తే ఒక చేత్తో కడ్డీ పట్టుకోవాలి, వెంటనే మళ్లీ అందుకోవాలి. వయసు మళ్లినవాళ్లయితే పక్కటెముక విరగడం అరచేతికి తెలుస్తుంది. తెలిసినా ఆపకూడదు. పక్క సీట్లో కూర్చున్న కొడుకో భార్యో రోగి ముఖం చూడరు, ఈఎంటీ ముఖమే చూస్తుంటారు. పోయారని చెప్పే అధికారం డాక్టరుకే గానీ ఈఎంటీకి లేదు. కాబట్టి చేవెళ్ల నుంచి ఉస్మానియా దాకా, లంగర్‌హౌజ్ రద్దీలో ఇరుక్కున్నా సరే, తనకు అర్థమైన సంగతి ముఖంలో కనిపించకుండా కూర్చోవాలి. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా బరువైనది ఇదే. దీన్ని ఏ శిక్షణలోనూ లెక్కగట్టరు.

క్యాజువాలిటీలో డాక్టరు చూస్తారు, తల అడ్డంగా ఊపుతారు. ఏడుపులు మొదలవుతాయి. ఈఎంటీ కాగితం మీద సంతకం తీసుకుని, స్ట్రెచర్ తోసుకుంటూ బయటికొస్తారు. బండిలో రక్తం కడగాలి. మందు నీళ్లతో నేల తుడవాలి, దుప్పటి మార్చాలి, వాడేసిన గ్లవ్స్, సూదులు వేరు చేయాలి, ఆక్సిజన్ ఎంతుందో చూసుకోవాలి. సీటు కింద ఒక చెప్పో, పగిలిన గాజు ముక్కో దొరుకుతుంది. దాన్ని ఎవరికివ్వాలో తెలియదు. అంతా అయ్యాక బండి సిద్ధంగా ఉందని కంట్రోల్ రూమ్‌కి చెప్పాలి. ఆ మాట చెప్పిన నిమిషానికే మరో కేసు రావచ్చు. అది కాన్పు కేసు కావచ్చు. ఇంతకుముందే ఒకరు ప్రాణం విడిచిన బండిలో బిడ్డ పుట్టవచ్చు.

మనకు చావును మోయడానికి పద్ధతులున్నాయి. చావింటికి వెళ్లొచ్చినవాళ్లు గడప దాటకముందే తలమీద నీళ్లు పోసుకుంటారు. మూడో రోజు, పదకొండో రోజు అంటూ దినాలు జరుపుతారు. ఊరంతా వచ్చి పలకరిస్తుంది. ఎలా జరిగిందో చెబితే పదిసార్లయినా వింటుంది. ఆ పదిసార్లు చెప్పడంలోనే దుఃఖం కాస్త కరుగుతుంది. చివరి శ్వాస దగ్గర ఉన్నది ఈఎంటీయే అయినా ఆ వరసలో తనకు చోటు లేదు. 108 బతికున్నవాళ్ల కోసం పెట్టిన బండి. పార్థివ దేహాన్ని తీసుకెళ్లేది వేరే బండి. చాలాసార్లు తన చేతుల్లో పోయిన మనిషి పేరు కూడా ఈఎంటీకి పూర్తిగా తెలియదు. తెలిసిన సందర్భాలు ఇంకా కష్టం. చేవెళ్లలో, మొయినాబాద్‌లో పనిచేసే వాళ్లలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లుంటే దుప్పటి తీసేసరికి కనిపించేది తెలిసిన ముఖమే కావచ్చు. దానికితోడు కొన్నిచోట్ల నిందలు: ఇంత ఆలస్యమా, ముందే వచ్చుంటే బతికేవాడు కదా అని. దుఃఖంలో ఉన్నవాళ్ల నోట ఆ మాట రావడాన్ని తప్పు పట్టలేం. కానీ ఆ మాట విన్నవాళ్లతోనే ఇంటికెళ్తుంది, రాత్రి నిద్రలో మళ్లీ వినిపిస్తుంది.

ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో, అన్ని సదుపాయాలూ ఉన్న దేశాల్లో కూడా, పదిమందిలో ఒకరు బతికి ఇంటికి రావడమే గొప్ప. ఈ సంగతి మన కుటుంబాలకు ఎవరూ చెప్పరు. కొత్తగా చేరిన ఈఎంటీకి కూడా ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి. చెప్పకపోతే ప్రతి మరణాన్నీ తన చేతుల తప్పుగానే లెక్కేసుకుంటారు.

108 హైదరాబాద్‌లోనే పుట్టింది. 2005 ఆగస్టు 15న మొదలై, ఇక్కడి నమూనానే ఎన్నో రాష్ట్రాలు అందుకున్నాయి. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టులను ఆరోగ్య వృత్తి నిపుణులుగా గుర్తించిన కేంద్ర చట్టం 2021లో వచ్చింది. కాల్ వచ్చిన ఎన్ని నిమిషాలకు బండి చేరిందన్నది కొలుస్తున్నాం. తిరిగొచ్చిన మనిషి ఎలా ఉన్నారన్నది మాత్రం కొలవడం లేదు.

బయటి ప్రపంచం ఈ విషయంలో కొంత తప్పటడుగు వేసి నేర్చుకుంది. అమెరికాలో అగ్నిమాపక, అంబులెన్సు పనులు చేసిన జెఫ్రీ మిచెల్ 1983లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. ఘోరం చూసినవాళ్లందర్నీ కొద్దిరోజుల్లోనే కూర్చోబెట్టి ఏం చూశారో, ఏమనిపించిందో వరసగా చెప్పించాలన్నారు. చాలా దేశాల్లో అది వాడుకలోకి వచ్చింది, కొన్నిచోట్ల తప్పనిసరి కూడా చేశారు. 2002లో కాక్రేన్ సమీక్ష అలాంటి పద్ధతులపై జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, ఒక్కసారి కూర్చోబెట్టి తవ్వి చెప్పించడం వల్ల తర్వాతి మానసిక గాయం తగ్గినట్టు కనిపించలేదు. బలవంతంగా చెప్పించడం ఆపాలని ఆ సమీక్ష సూచించింది. బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2018 మార్గదర్శకాలూ అదే మాట చెప్పాయి. దీన్నిబట్టి మాట్లాడటమే దండగని కాదు. చెప్పాలనిపించినప్పుడు, నమ్మకమున్న మనిషితో, తనకు తోచినంత చెప్పుకోవాలి. మన పలకరింపులో ఉన్నదీ అదే. పైలట్, ఈఎంటీ టీకొట్టు దగ్గర ఆగి పంచుకునే నాలుగు మాటలు ఏ కౌన్సెలింగ్ గదికీ తీసిపోవు. వర్జీనియాలో జోనథన్ బార్టెల్స్ అనే నర్సు మరో అలవాటు మొదలుపెట్టారు. రోగి పోగానే గదిలో ఉన్నవాళ్లంతా ఒక్క నిమిషం మౌనంగా నిలబడతారు. ఆ మనిషినీ, బతికించడానికి చేసిన ప్రయత్నాన్నీ తలుచుకుంటారు. దానికి ఖర్చు లేదు, ఏ మతానికీ అడ్డు కాదు. బండి తలుపు వేసుకుని పైలట్, ఈఎంటీ ఇద్దరూ చేయగలిగిందే.

అయితే కొందరికి ఇవి చాలవు. నిద్ర పట్టకపోవడం, ఆ వాసన ఉన్నట్టుండి తగలడం, ఆ మలుపు వస్తుంటే చేతులు చల్లబడటం, ఇంట్లో చిన్నమాటకే మండిపడటం మొదటి వారాల్లో చాలామందికి ఉండేవే. నెల దాటినా వదలకపోతే వైద్యం కావాలి. పనిలో భాగంగా మళ్లీమళ్లీ ఘోరాలు చూసేవాళ్లకూ ఈ మానసిక గాయపు జబ్బు రావచ్చని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథంలోనే రాసింది. ఫోన్ చేయడానికి ఇక్కడ 14416 ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అది, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక పోయినవాళ్ల కబురే కాదు, బతికినవాళ్ల కబురు కూడా సిబ్బందికి చేరాలి. ప్రతి కేసుకూ నంబరు ఉంటుంది కాబట్టి, వారం తర్వాత ఆసుపత్రి నుంచి ఒక ఫోన్ పెద్ద పని కాదు.

పెద్ద ప్రమాదం తర్వాతో, పసిబిడ్డ పోయిన తర్వాతో ఆ ఇద్దరికీ ఆ షిఫ్టులో మిగతా పని తప్పించాలంటే అధికారులు అడిగే ప్రశ్న ఒకటే: బండి ఆగితే ఆ గంటలో ఇంకెవరైనా పోతే ఎవరిది బాధ్యత? న్యాయమైన ప్రశ్నే. కానీ ఆపాల్సింది బండిని కాదు. చేవెళ్ల, మొయినాబాద్ రెండిటికీ కలిపి అదనంగా ఒక పైలట్‌నీ ఒక ఈఎంటీనీ ఉంచితే బండి అలాగే నడుస్తుంది, మనుషులు మారతారు. రోడ్డు వెడల్పు చేయడానికి ఏళ్లు పడుతుంది. ఈ ఇద్దరి నియామకానికి అంత సమయం అక్కర్లేదు.