ఎనిమిది అంగుళాల షెవ్రొలే

సంక్రాంతికి మా ఇంట బొమ్మల కొలువు చూడవచ్చిన మిత్రులు కొందరు, మూడవ మెట్టు మీద కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన నిలిపిన ఒక మోటారు కారును చూసి, "ఇదెక్కడ కొన్నారండీ?" అని అడిగారు. కొన్నది కాదు, మా అమ్మాయి చేసిందని చెప్పేసరికి, దాన్ని గురించి పత్రికకు నాలుగు మాటలు వ్రాయమన్నారు. చేసింది ఆమె అయితే వ్రాసేది మేమా అని కొంత సందేహించాం. కాని ఈ వ్యవహారంలో మేము చేసిన పొరపాటు ఒకటి ఉంది. అది మాబోటి తండ్రులకు పనికివస్తుందని తోచి వ్రాస్తున్నాం.

ముందు కారు సంగతి. ఇది 1957 మోడలు షెవ్రొలే బెల్ ఎయిర్. అసలు కారు పొడవు 200 అంగుళాలు. కిట్టు పెట్టె మీద 1:25 అని ఉంటుంది. అంటే ప్రతి కొలతా ఇరవైఅయిదో వంతు. కనుక మా కారు పొడవు 8 అంగుళాలు. జపాను వారి తమియా కంపెనీ కార్లు ఎక్కువగా 1:24 కొలతలో వస్తాయి.

ఈ వేడుకకు మనముంటున్న మిషిగన్ రాష్ట్రం ఒక విధంగా పుట్టినిల్లు. ఎ.ఎం.టి. అనే సంస్థ 1948లో ఇక్కడే మొదలైంది. కొత్త మోడలు ఎలా ఉంటుందో కొనేవారికి బల్ల మీద చూపడానికి, కార్లు అమ్మే డీలర్లకు చిన్న నమూనాలు చేసిచ్చేది. 1958లో అటువంటి నమూనాలనే విడిభాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మడం ప్రారంభించింది. ఒకే కిట్టును ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుగానో, సొంత సోకులు చేసో, పందెపు కారుగానో, మూడు విధాలుగా కట్టుకోవచ్చు. ఆ కార్లు నడిపిన తరం వెళ్ళిపోతున్నా, కిట్లు మాత్రం ఇంకా అంగళ్ళలో దొరుకుతున్నాయి.

పెట్టె తెరిస్తే, తీగకు కాయల్లాగా ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని సుమారు నూరు భాగాలుంటాయి. వాటిని చేత్తో విరవకూడదు, చిన్న కటింగు ప్లయరుతో కత్తిరించాలి. మిగిలిన ముక్కును సన్నని కత్తితో చెక్కి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. ఆ కత్తికి వేసే 11వ నంబరు బ్లేడు చూస్తే వైద్యులకు ఆపరేషను గది గుర్తుకు వస్తుంది. ఎక్సాక్టో కత్తిని 1930ల్లో మొదట శస్త్రచికిత్స కోసమే తలపెట్టారని, శుభ్రపరచడం కుదరక ఇటు మళ్ళించారని చెబుతారు.

అతికించేది మనం అనుకునే జిగురు కాదు. అందులోని ద్రావకం పాలిస్టైరీను అంచులు రెండింటినీ కరిగిస్తుంది. ద్రావకం ఆవిరయ్యాక రెండూ ఒకటైపోతాయి, విరిగిన ఎముక కట్టుకున్నట్టు. కీలు దగ్గర సందు మిగిలితే పుట్టీ నింపి రుద్దాలి. ఇదంతా మా శ్రీమతి చూసి, "కొండపల్లిలో చేసేదీ ఇదే కదా!" అన్నారు. నిజమే. అక్కడ తెల్లపొణికి కర్రతో ఏనుగును, అంబారీని విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసి రంగులు వేస్తారు. పదార్థం మారింది గాని పని అదే.

ఇక పొరపాటు సంగతి. పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో మా అమ్మాయి పదకొండవ పుట్టినరోజుకు స్నేహితురాలు 1966 మస్టాంగ్ కిట్టు ఇచ్చింది. నెల రోజులు భోజనాల బల్ల ఒక మూల దానికే అంకితం. రంగు వేసేటప్పుడు తొందరపడి చిక్కగా పూసింది. తలుపు మీద ధారగా కారింది, పైకప్పు మీద బొటనవేలి ముద్ర పడింది. అయినా సంతోషంగానే పడుకుంది.

మాకు నిద్ర పట్టలేదు. ఆసుపత్రి నుంచి పొద్దుపోయి వచ్చాం. అయినా ఆ ముద్ర మీదికే చూపు పోతూంది. చివరకు కారును గరాజులోకి తీసుకుపోయి, చలికి తలుపు మూసుకుని, పాత రంగు రుద్దేసి, స్ప్రే డబ్బాతో మళ్ళీ రంగు కొట్టాం. రెండు రాత్రులు పట్టింది. అద్దంలా వచ్చింది. తల పగిలేటంత నొప్పి కూడా వచ్చింది. గాలి ఆడని గదిలో ద్రావకాలు వాడవద్దని రోగులకు చెప్పే మేము చేసిన పని అది!

మూడోనాడు అమ్మాయికి చూపించాం. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "చాలా బాగుంది నాన్నా. ఇది నీ కారు," అని బల్ల మీద పెట్టి బడికి వెళ్ళిపోయింది. కోపం లేదు, ఏడుపూ లేదు. ఎనిమిది నెలలు మళ్ళీ కుంచె ముట్టలేదు.

అప్పుడు మాకు హౌస్ సర్జన్సీ రోజులు జ్ఞాపకం వచ్చాయి. కుట్టు వేయడంలో మా చెయ్యి వణికితే సూది లాక్కుని తానే కుట్టేసే పెద్దలుండేవారు. ఒక్క ప్రొఫెసరుగారు మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "కానీయవోయ్, నేనిక్కడే ఉన్నాను," అనేవారు. మాకు కుట్టు వచ్చింది ఆయన దగ్గరే. మరి కూతురి విషయంలో మేము ఎవరి శిష్యులమయ్యాం? సైన్సు ఫెయిరు అట్టల మీద చక్కటి అక్షరాలు ఎవరివో, మనవాళ్ళ ఇళ్ళలో ఎవరిని అడిగినా చెబుతారు. పరాయి దేశంలో మన పిల్లలు ఎవరికీ తీసిపోకూడదన్న ఆరాటం మనది. ఆ ఆరాటంలో, "నువ్వు చేసింది చాలదు" అని మనమే ముందుగా చెప్పేస్తున్నాం.

నవంబరు సెలవుల్లో తనే వచ్చి ఇంకో కిట్టు కావాలంది. "ఒక షరతు. నేను అడిగితేనే చెయ్యి పెట్టాలి," అంది. ఒప్పుకున్నాం. షెవ్రొలే అలా వచ్చింది. నెలన్నరలో మమ్మల్ని రెండుసార్లు పిలిచింది: కిటికీల చుట్టూ వెండిరేకు అంటించేటప్పుడు ఒకసారి, నేల మీద రాలిన హెడ్‌లైటు వెతకడానికి ఒకసారి.

మొదలుపెట్టేవారికి కొన్ని సూచనలు. భాగాలను ముందుగా సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి, అచ్చు తాలూకు నూనె పోతుంది. అతికే ముందు ఒకసారి ఉత్తినే అమర్చి చూడండి. ప్రైమరు వేశాక రంగు పలుచగా మూడు నాలుగు పూతలు వేయండి. ఒక్క చిక్కటి పూత వేస్తే కారుతుంది. ఎనామిలు రంగు మీద లాకరు కొడితే ముడతలు పడుతుంది. గాజు భాగాలకు సూపర్ గ్లూ వాడితే మంచు పట్టినట్టు తెల్లబడతాయి, బడిపిల్లల తెల్ల జిగురు చాలు.

వైద్యుడిగా చెప్పవలసింది మరొకటి. ద్రావకపు జిగుళ్ళు, స్ప్రే రంగులు గాలి ధారాళంగా వచ్చేచోట, నిప్పుకు దూరంగా, పెద్దల ఎదుటే వాడాలి. ఒకప్పటి జిగుళ్ళలో టాలీను ఉండేది. దాన్ని మత్తు కోసం పీల్చితే మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణం పోవచ్చు కూడా. పిల్లలు పీలుస్తున్నారని 1969లో టెస్టర్స్ కంపెనీ తన జిగురులో ఆవ ఘాటు కలిపింది. ఆవకాయ కలిపేటప్పుడు ముక్కుపుటాలు అదరగొట్టే ఘాటే అది! ఇప్పుడు టాలీను లేని జిగుళ్ళు, నీటితో కలిపే రంగులు దొరుకుతున్నాయి. చిన్నపిల్లలకు అవే మేలు.

షెవ్రొలే ఎలా వచ్చిందంటారా? నీలం ఒళ్ళు, తెల్ల పైకప్పు. కుడివైపు తలుపు కింద ఒక బొట్టు కారింది. కొలువులో ఆ వైపును గోడకు తిప్పి పెట్టింది అమ్మాయే. మేము చూశాం, మాట్లాడలేదు. మస్టాంగ్ మాత్రం గరాజులో అలమర మీద అద్దంలా మెరుస్తూ ఉంది. అది మాది.

ఆసక్తి గలవారు ఏ శనివారమైనా పిల్లలతో మా ఇంటికి దయచేయవచ్చు. కత్తులు, గరుకు కాగితాలు మా దగ్గర ఉన్నాయి. కత్తి పట్టినప్పుడు పిల్లల పక్కనే ఉందాం. మిగతా వేళ పెద్దలకు కాఫీ, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడానికి కావలసినంత చోటు ఉంటాయి.