తొలగించిన పంక్తి

గూఢలిపికి ప్రాణము ఇతరులు ఊహింపజాలని సంఖ్య. ఎవరైనను చదివి దిద్దుకొనగల ‘ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.’ అను ప్రోగ్రాముల సంపుటి అట్టి సంఖ్యలతో కంప్యూటరు తాళపుచెవులను తయారుచేయును. 2006లో డెబియన్ వ్యవస్థకై దీనిని సిద్ధపరచుచుండగా, తప్పులు వెదకు సాధనమొకటి ‘విలువ నింపని జ్ఞాపకస్థానమును చదువుచున్నారు’ అని హెచ్చరించినది. ఆ హెచ్చరికను మాన్పుటకై ఒకే విధమైన పంక్తిని రెండు చోట్ల తొలగించిరి. ఒకచోట అది నిజముగా అనవసరమే. రెండవచోట మాత్రము, యాదృచ్ఛికత యంతయు ఆ పంక్తి ద్వారానే లోనికి వచ్చుచుండెను! ఇక మిగిలినది, నడుచుచున్న ప్రోగ్రామునకు యంత్రమిచ్చు వరుససంఖ్య ఒక్కటే. అందుచే ఒక తరహా యంత్రముపై ఒక కొలత చెవులు 32,768కి మించి పుట్టవు. వీనినన్నిటిని ప్రయత్నించుట కంప్యూటరుకు ఎంత పని? ప్రోగ్రామో, ఏ లోపమును చూపక నడచుచునే యుండెను. 2008 మే నెలలో లూసియానో బెల్లో కనుగొన్న దోషము వెల్లడియైనది. పంక్తిని తిరిగి చేర్చినంత మాత్రమున చాలలేదు. ఆ మధ్య చేసిన చెవులన్నిటిని పారవేసి క్రొత్తవి చేసికొనవలసివచ్చెను.