సాలీడుకు ఏ మట్టి వేస్తున్నారు?

టరాంటులా పెంచుదామనుకునే కుర్రాళ్లు ముందు అడిగేది ‘ఏ జాతి కొనాలి, ఏం తినిపించాలి’ అని. డబ్బా అడుగున ఏం పరచాలో అడిగేవాళ్లు తక్కువ. నిజానికి ఎక్కువ ప్రాణాలు పోయేది అక్కడే. ఈ పెద్ద సాలీడు బొరియ తవ్వుకునేది ఆ మట్టిలోనే, కుబుసం విడిచేది కూడా దాని మీదే. కుబుసం విడిచే సమయంలో వెల్లకిలా పడుకుని గంటల తరబడి కదలదు. ఒళ్లంతా మెత్తగా ఉంటుంది. అప్పుడు కింద పదునైన గులకరాళ్లు ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఏర్పేడు వైపు ఉన్నవాళ్లకు మొదట తట్టేది పొలం మట్టి. వద్దు. వేరుశనగకో, వరికో, మామిడికో కొట్టిన మందు అందులో ఉండొచ్చు. ఇంటి చుట్టూ చెదల మందు పోసి ఉంటే మరీ ప్రమాదం. నర్సరీ మట్టి శుభ్రంగా కనిపిస్తుంది, కానీ అందులో పశువుల ఎరువు, వేపపిండి కలుపుతారు. వేపలోని అజాడిరక్టిన్ పురుగుల కుబుసం ప్రక్రియనే చెడగొడుతుంది. మొక్కకు మేలు చేసే మట్టి ఎనిమిది కాళ్ల జీవికి కూడా మేలు చేస్తుందనుకోవద్దు. దేవదారు, పైన్ చెక్క పొట్టు కూడా పక్కన పెట్టండి, వాటి వాసన నూనెలు మంచివి కావు. ఇసుక ఒక్కటే పోస్తే బొరియ నిలబడదు.

మరి ఏది? కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి. ఎరువు కలపని రకం అడిగి తీసుకోండి. పీచును ఉప్పునీళ్లలో నానబెట్టే చోట్ల నుంచి వచ్చిన పొడిలో లవణాలు మిగులుతాయి. కాబట్టి బకెట్లో నానబెట్టి, గుడ్డలో పిండి, ఆ నీళ్లలో టీడీఎస్ పెన్ను పెట్టి చూడండి. మళ్లీ కడగండి. అంకె తగ్గడం ఆగేదాకా ఇదే పని. ఇంజినీరింగ్ చదివేవాళ్లకు ఇంతకంటే సులువైన ల్యాబ్ ప్రయోగం దొరకదు.

తేమ విషయంలో మాత్రం గాడ్జెట్ మోజు తగ్గించుకోండి. ఈఎస్‌పీ32 బోర్డుకు డీహెచ్‌టీ22 సెన్సర్ తగిలించి ఫోన్లో గ్రాఫ్ చూసుకోవడం బాగానే ఉంటుంది. కానీ అది చెప్పేది గాలిలో తేమ, మట్టిలో తేమ కాదు. అంకె పడిపోయిందని రోజూ నీళ్లు చల్లితే బూజు పడుతుంది. గుప్పెడు పొడి పిండితే ముద్ద కట్టాలి, నీటిచుక్క రాలకూడదు. తేమ ఇష్టపడే జాతికి ఇదే కొలత, ఎడారి జాతికి పైపొర పొడిగా ఉంచితే చాలు. మన దగ్గర ఏప్రిల్, మేలో రెండు రోజులకే ఎండిపోయే మట్టి అక్టోబర్, నవంబర్ ముసురుకు వారమైనా ఆరదు. ఏడాదంతా ఒకే టైమ్‌టేబుల్ పెట్టుకోవద్దు.

నేల మీద తిరిగే జాతికైతే మట్టి మందంగా వేయండి. మట్టి పైభాగం నుంచి మూతకు ఉండే ఎత్తు కాళ్ల చాపుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. పైకి ఎక్కి పడితే పొట్ట పగులుతుంది, పగిలితే బతకడం కష్టం. చెట్లమీద ఉండేవాటి లెక్క తిరగబడుతుంది: మట్టి కొంచెమే, నిలువుగా బెరడు ఎక్కువ.

ఆ రెండో రకంలో ప్రపంచం మెచ్చింది మనదే. నీలిరంగులో మెరిసే పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ వర్ణించిన నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అందుకే దాన్ని గుత్తి సాలీడు అంటారు. దాని అసలు ఇల్లు గుత్తి కాదు, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని అంచనా. అక్కడ చెట్ల తొర్రల్లో బతుకుతుంది. ఆ చెట్లు పోతే అదీ పోతుంది. ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టింది.

అడవికెళ్లి పట్టి తెద్దామనే ఆలోచనే వద్దు. 2019లో ఈ ప్రజాతి సైటీస్ అనుబంధం-2లో చేరింది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటీస్ జాబితా జీవుల్ని పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. అమ్మేవాడు కాగితాలు చూపకపోతే లేచి వచ్చేయండి.

సాలీళ్లంటే అంత ఇష్టమా? డబ్బాలో పెంచడం కాక, వాటిని చదవడం కూడా ఒక దారే. ఏర్పేడు మండలంలోనే ఐసర్ తిరుపతి క్యాంపస్ ఉంది. ఇంటర్ సైన్స్ చదివినవాళ్లు ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో చేరి జీవశాస్త్రం వైపు వెళ్లొచ్చు. బీటెక్ వాళ్లు నిరాశపడక్కర్లేదు. అడవిలో తొర్ర లోపలి ఉష్ణోగ్రత, తేమ నెలల తరబడి నమోదు చేయడానికి చవకైన లాగర్లు కావాలి. ఇందాక పక్కన పెట్టమన్న ఆ సెన్సర్‌కు అసలు పని అక్కడ ఉంది.