పాత కారు ఏసీకి గ్యాస్ పట్టించేస్తే సరిపోదు: 1992 కాంటెస్సాతో నా అనుభవం

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి ముప్పై ఏళ్లు దాటిన గాడ్జెట్ గురించి రాస్తున్నా. అది మా మామయ్య కాంటెస్సా క్లాసిక్, 1992 మోడల్. విజయవాడ ఎండల్లో ఏసీ ఆన్ చేస్తే వేడిగాలే వచ్చేది. వరుసగా రెండు వేసవులు ఒక షెడ్డులో గ్యాస్ పట్టించాం. రెండుసార్లూ నెల తిరక్కుండానే పోయింది. "అల్లుడూ, ఈసారి నువ్వే చూడరా. కాకపోతే బండి అమ్మేస్తా" అన్నాడు మామయ్య.

ముందు ఒక విషయం క్లియర్‌గా తెలుసుకోండి. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా వాడేకొద్దీ అయిపోదు. అదే గ్యాస్ పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. ఆ లీక్ వెతక్కుండా మళ్లీ గ్యాస్ నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. మేము రెండేళ్లు చేసింది అదే.

బానెట్ కింద స్టిక్కర్ చూస్తే ఆర్12 అని ఉంది. ఓజోన్ పొరను దెబ్బతీసే గ్యాస్ ఇది. 1987 మాంట్రియల్ ఒప్పందంతో మొదలై, ప్రపంచమంతా దీన్ని ఆపేశారు. అందుకే పాత బండ్లను ఆర్134ఏకి మారుస్తారు. కానీ ఇది సిమ్ మార్చినంత ఈజీ కాదు. ఆర్12 సిస్టమ్‌లో ఉండే మినరల్ ఆయిల్ ఆర్134ఏలో కలవదు. కలవకపోతే ఆయిల్ గ్యాస్‌తో పాటు తిరిగి కంప్రెసర్‌కి చేరదు, కంప్రెసర్ పట్టేస్తుంది. పైగా ఆర్134ఏ అణువులు చిన్నవి, పాత రబ్బరు గొట్టాల్లోంచి మెల్లగా బయటికి పోతాయి. మా షెడ్డు వాళ్లు ఇవేవీ మార్చకుండానే కొత్త గ్యాస్ పట్టించారని తర్వాత తెలిసింది.

నాకు తెలిసిన ఒక ఏసీ మెకానిక్ అన్నని పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టా. సిస్టమ్‌లో గ్యాస్ మిగల్లేదు. మీ బండిలో మిగిలి ఉంటే మాత్రం గాల్లోకి వదలొద్దు, రికవరీ మెషిన్ ఉన్న చోట తీయించండి. తర్వాత 150 పీఎస్ఐ దాకా నైట్రోజన్ ఎక్కించి, ప్రతి జాయింట్‌కీ సబ్బు నీళ్లు రాశాం. కంప్రెసర్ వెనక గొట్టం దగ్గర, కండెన్సర్ జాయింట్ దగ్గర బుడగలు వచ్చాయి. రెండేళ్ల డబ్బులు పోయింది ఇక్కడే! ఈ టెస్టుకి ఆక్సిజన్ మాత్రం పొరపాటున కూడా వాడకండి, ఆయిల్ తగిలితే పేలిపోతుంది.

లైన్లు ఫ్లష్ చేశాం. ఓ-రింగ్స్ అన్నీ, రెండు గొట్టాలూ మార్చి, కంప్రెసర్‌లో పాత ఆయిల్ వంచేసి ఎస్టర్ ఆయిల్ పోశాం. డ్రయర్ బాటిల్ కూడా కొత్తదే. తేమని పీల్చుకునేది అదే కాబట్టి, ఒకసారి సిస్టమ్ తెరిచాక పాతది పనికిరాదు.

ఇక అందరూ ఎగ్గొట్టే స్టెప్, వాక్యూమ్. నీళ్లలో పడిన ఫోన్‌ని ఆరబెట్టకుండా చార్జింగ్ పెడితే ఏమవుతుందో తెలుసుగా? ఇదీ అంతే. లోపల తేమ ఉంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచు కట్టి దారి మూసేస్తుంది, మెల్లగా యాసిడ్ కూడా తయారవుతుంది. ఒత్తిడి బాగా తగ్గిస్తే నీళ్లు మామూలు వేడికే ఆవిరవుతాయి, పంపు వాటిని లాగేస్తుంది. 45 నిమిషాలు పంపు నడిపి, వాల్వ్ మూసి, అరగంట చూశాం. గేజ్ ముల్లు కదల్లేదు.

గ్యాస్‌ని తూకం వేసి ఎక్కించాలి. ఆర్134ఏ కాస్త తక్కువే పడుతుంది: స్టిక్కర్ మీద ఆర్12 1000 గ్రాములు అని ఉంటే 800 నుంచి 850 చాలు. ఇంజిన్ నడుస్తుండగా లో సైడ్ నుంచే, క్యాన్ నిలువుగా పట్టుకుని ఎక్కించండి. తలకిందులు చేస్తే ద్రవం కంప్రెసర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది. కళ్లద్దాలు, గ్లోవ్స్ తప్పనిసరి.

బయట 39 డిగ్రీలు ఉన్నప్పుడు, బండి కదులుతుంటే వెంట్ దగ్గర 11 డిగ్రీలు చూపించింది. బెంజ్ సర్కిల్ సిగ్నల్‌లో ఆగితే మాత్రం 17కి ఎక్కింది. పాత కండెన్సర్‌తో ఆర్134ఏకి ఇది మామూలే. వచ్చే నెల అదనపు ఫ్యాన్ బిగిస్తున్నా. అమ్మకం మాట మామయ్య మళ్లీ ఎత్తలేదు, కానీ మధ్యాహ్నం నిద్ర మాత్రం బండిలోకి మార్చేశాడు.